ముందు గోలీ, తర్వాత ప్రార్థన

పొద్దున్నే ఆరున్నరకు మా నాయినకు బీపీ మాత్ర ఇస్తాను. షీటును బొటనవేలితో నొక్కితే వెనక ఉన్న వెండిరేకు చిట్లి టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా నర్సు ఉద్యోగం చేస్తున్నదాన్ని, దవాఖానాలో ఆ చప్పుడు రోజుకు ఎన్నిసార్లు వింటానో లెక్కే లేదు. అక్కడ ఏమీ అనిపించదు. ఖమ్మంలో మా వంటింటి గట్టు దగ్గర, ఇంకా పాలు పొంగకముందు విన్నప్పుడు మాత్రం రాహేలమ్మ వచ్చి నా వెనక నిలబడినట్టే ఉంటుంది. నాయిన మాత్ర నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్ళు తాగుతాడు. నేను నోరు తెరవమంటాను, నాలుక ఎత్తమంటాను, కింద దాచలేదని చూసుకుంటాను. "దొంగను పట్టినట్టు చూస్తవేందే!" అని రోజూ విసుక్కుంటాడు. చూస్తాను మరి. నాకు ఊరికే నమ్మడం చేతకాదు.

ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. నాయిన ఇల్లెందులో బొగ్గుబావి కార్మికుడు. అమ్మకు షుగరు. నేను పదో తరగతిలో ఉండగా మా క్వార్టర్ల వెనక మైదానంలో మూడు రోజులు స్వస్థత కూటాలు జరిగాయి. ఎక్కడి నుంచో వచ్చిన ఒక బోధకుడు మైకు పట్టుకుని, నమ్మినవాళ్ళకు మాత్రలతో పనేమిటని అడిగాడు. ఆ ఏడాదే కొత్తగా క్రీస్తు విశ్వాసంలోకి వచ్చిన నాయిన ఆ మాటకు పొంగిపోయి, ఇంటికి రాగానే అమ్మ మాత్రలన్నీ తీసి చెత్తబుట్టలో వేశాడు. నెలన్నర తిరగకుండానే అమ్మ పోయింది. ఆ తర్వాత నాయిన మందిరానికి వెళ్ళడం మానలేదు, నేనూ మానలేదు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఆ సంగతి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ప్రార్థనప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటే నేను ఒక కన్ను తెరిచి పాస్టరు గారి వంక చూస్తూ ఉండేదాన్ని. పంతం పట్టి నర్సు చదివింది కూడా అందుకే. మాత్రలు పారేయమనే నోరు మళ్ళీ ఎక్కడైనా వినపడితే దాన్ని మూయించాలని నా కసి.

పెళ్ళయ్యాక మా ఆయనకు సారపాక మిల్లులో కాంట్రాక్టు పని దొరకడంతో నేనూ ఆ వైపే ఉద్యోగం వెతుక్కున్నాను. చర్ల దాటి లోపలికి, తారురోడ్డు మట్టిరోడ్డుగా మారేచోట ఒక చిన్న మిషను దవాఖానా ఉండేది. ఒక పెద్దవయసు డాక్టరు గారు, నేను, మందుల అలమారా, ముందు రేకుల వరండా. సంత రోజున అడవి ఊళ్ళ జనం ఇప్పపువ్వు, చింతపండు అమ్ముకుని, తిరిగి వెళ్తూ మా దగ్గర ఆగేవారు. నేను చేరిన రెండో వారం సంత రోజునే చూశాను ఆమెను. అరవై దాటిన కోయ ముసలామె, బక్క ప్రాణం, వరండా చివర గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో విత్తనాల కంపెనీ సంచి, సంచిలో పాలిథిన్ కవరు, కవరులో అట్ట ఊడిన బైబిలు.

"ఎవరు సార్ ఆమె?" అని డాక్టరు గారిని అడిగాను.

"రాహేలమ్మ. పక్క ఊరే. వాక్యం చదివి వినిపిస్తుంది, పేషెంట్ల కోసం ప్రార్థన చేస్తుంది. జీతం గీతం ఏమీ లేదు, ఊరికే వస్తుంది."

ఊరికే! ఆ మాట దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంది. ఊరికే వచ్చేవాళ్ళను నేను ఊరికే నమ్ముతానా? ఇక ఆ రోజు నుంచి నా పని నేను చేస్తూనే ఒక కన్ను కిటికీలోంచి ఆమె మీద పెట్టాను. మాత్రలు తీసుకున్న ప్రతి పేషెంటూ వెళ్ళి ఆమె ముందు కూర్చునేవాడు. ఆమె మాత్రల షీటు చేతిలోకి తీసుకునేది, అటూ ఇటూ తిప్పేది, కోయలో ఏదో చెప్పేది. నాకు కోయ రాదు. కిటికీలోంచి ఆమె వీపు తప్ప మరేమీ కనిపించేది కాదు. ఆఖర్న తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఒక్కోసారి వాళ్ళ దగ్గర మెరిసేదేదో పుచ్చుకుని పుస్తకంలో పెట్టుకునేది. ఒకరోజు గాలికి పుటలు లేస్తే చూశాను, పుస్తకం నిండా మాత్రల షీట్లే! బయటికి వెళ్ళి నిలదీశాను.

"ఏందమ్మా అవి?"

"గుర్తులు బిడ్డా," అంది, పుస్తకం మూసేస్తూ.

ఆ మూయడం చాలు నాకు. ఆ సాయంత్రం నుంచి అలమారా తాళం చెవి నా బొడ్డులోనే దోపుకుని తిరిగాను.

జోగమ్మ వచ్చింది వానలు మొదలైన రోజుల్లో. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో, ఇద్దరు పిల్లల తల్లి. ఎముకల గూడుగా ఉంది, దగ్గితే పక్కవాళ్ళకు ఆయాసం వచ్చేలా ఉంది. పరీక్షలో టీబీ అని తేలింది. కొత్తగా టీబీ మందు మొదలుపెట్టే ఎవరికైనా నేను నాలుగు మాటలు చెప్పాలి. పరగడుపున వేసుకోవాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. బాగున్నట్టు అనిపించినా ఆరు నెలలు వాడాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడొద్దు. జోగమ్మకు తెలుగు సగం సగమే వచ్చు. "రాహేలమ్మను పిలిచి కోయలో చెప్పించండి సిస్టర్" అన్నారు డాక్టరు గారు. నేను పిలవలేదు. నేనొకటి చెబితే ఆమె ఇంకొకటి చెబితే? నా మాటను ఆమె నోట్లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే నేనే తెలుగులో నెమ్మదిగా చెప్పాను. ప్రతి మాటకూ జోగమ్మ తల ఊపింది. ఆ సమయంలోనే వరండాలో రాహేలమ్మ ఎవరి షీటో చేతిలో తిప్పుతూ ఉంది, నా కన్ను అటే ఉంది. నాలుగు మాటలూ చెప్పాననే అనుకున్నాను.

రెండు సంతలు గడిచినా జోగమ్మ రాలేదు. మూడో వారం దవాఖానా జీపులో వాళ్ళ ఊరికి బయలుదేరాను. దారిలో క్యాంపు దగ్గర పోలీసులు ఆపి, ఎవరింటికి, ఎందుకు, సంచిలో ఏమున్నాయని అడిగారు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు కూడా అవే అడిగారు. ఆ దారిలో అందరిదీ నా బుద్ధే. పోడు చేను పక్కన జోగమ్మ ఇల్లు. తడిక తోసి లోపలికి తొంగి చూద్దును కదా, జోగమ్మ చాప మీద ముడుచుకుని ఉంది. ఆమె తలమీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని రాహేలమ్మ! పక్కనే చూరులో దోపిన మాత్రల షీట్లు, నేనిచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజులవి తప్ప ఒక్కటీ చిట్లలేదు.

నాకు ఆ ఇల్లు కనపడలేదు, మా ఇల్లెందు క్వార్టరు కనపడింది. అమ్మ కనపడింది.

"గోలీలు మానిపించి ప్రార్థన చేస్తున్నవా?" అని అరిచాను. "ఈ పిల్ల చస్తే ఎవరిది జవాబు? నీదా, నీ దేవుడిదా?"

నీ దేవుడు అన్నాను. ఆయన నా దేవుడు కూడానన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు లేదు. చుట్టుపక్కల వాళ్ళు మూగారు. జోగమ్మ మొగుడు భీమయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. రాహేలమ్మ నా మొహంలోకి ఒకసారి చూసింది. నోరు తెరవబోయి మళ్ళీ మూసుకుంది. పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టుకుని లేచింది.

"ఆ పిల్లతోని గోలీ మింగిపియ్యి బిడ్డా," అని మాత్రం అని బయటికి నడిచింది.

నేను మాత్ర ఇస్తే జోగమ్మ తల అడ్డంగా ఊపింది. బతిమాలాను, బెదిరించాను. పళ్ళు బిగించుకుందే తప్ప మింగలేదు. చూశారా, ముసలిది ఎంత నూరిపోసిందో అనుకున్నాను. తిరిగి వచ్చి డాక్టరు గారికి చెప్పాను, ఇక ఆమెను వరండా ఎక్కనివ్వొద్దని.

"మానమని ఆమె చెప్పగా విన్నారా సిస్టర్?"

"కళ్ళారా చూశాను సార్. వినాల్సిన పని లేదు."

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, సరే అన్నారు. తర్వాతి సంతకు రాహేలమ్మ వచ్చింది. వరండా ఎక్కవద్దని చెబితే ఎందుకని కూడా అడగలేదు. రోడ్డు దాటి అవతల మద్దిచెట్టు కింద ఒక రాయి మీద కూర్చుంది. పేషెంట్లు నా దగ్గర మందులు తీసుకుని, రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాలి కదా, ఈమె అదీ చేయలేదు. కోపం లేదు, ఏడుపు లేదు, నా మీద ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నాకు అనుమానం ఇంకా ముదిరింది. తప్పు చేయని మనిషి ఇంత ఊరుకుంటుందా అని.

ఆ మధ్యాహ్నమే చర్ల నుంచి ఒక ఆటో డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. జోగమ్మకు ఇచ్చిన మందే వారం కిందట అతనికీ మొదలుపెట్టాం. "సిస్టర్, రగతం పోతుంది సిస్టర్, ఎర్రగ పోతుంది. నేను బతుకుతనా?" అని ఒకటే గోల. నాకు నవ్వొచ్చింది. "అది మందు రంగయ్యా, రక్తం కాదు. మొదటి రోజే చెప్పాను కదా!" అన్నాను.

"నాకెప్పుడు చెప్పినవ్? నువ్వు కిటికీ దిక్కు చూసుకుంట మూడు ముచ్చట్లు చెప్పి పంపినవ్."

అతనికి చెప్పలేదు సరే, మరి జోగమ్మకు? ఆ రోజును మళ్ళీ కళ్ళ ముందు పెట్టుకున్నాను. పరగడుపున అన్నాను. మానొద్దన్నాను. ఆరు నెలలు అన్నాను. అప్పుడు కిటికీలోంచి రాహేలమ్మ చేతిలో షీటు మెరిసింది. ఆ తర్వాత నేనేం చెప్పానో ఎంత తవ్వినా నాకు దొరకలేదు. చెప్పలేదు కనకే దొరకలేదు. వరండా దిగి రోడ్డు దాటాను. ఆ నాలుగడుగుల రోడ్డు అంత వెడల్పని నాకు ఎప్పుడూ తెలియదు.

మద్దిచెట్టు కింద ఎవరూ లేరు. ఆమె ముందు నేల మీదే కూర్చున్నాను. "జోగమ్మ గోలీలు ఎందుకు మానింది? నిజం చెప్పు" అన్నాను. అడగడానికి వెళ్ళిందాన్ని, అప్పుడు కూడా పోలీసులాగే అడిగాను.

"ఎర్రగ పోతుందని భయపడ్డది బిడ్డా. లోపల ఏదో తెగింది అనుకున్నది. మందు రంగేనని నేనంటే, నర్సమ్మ చెప్పలే గద అని నమ్మలే. భీమయ్య ఊరి పూజారి వడ్డె దగ్గరికి పోయి కోడిని కోసిండు. ఆ ముచ్చట దవాఖానల తెలిస్తే మీరు తిట్టి మందులు బందు పెడతరని వాళ్ళ బుగులు. నన్ను చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నరు. నువ్వొచ్చిన రోజు పొద్దుగాల నుంచి ఆ పిల్లను గోలీ మింగమని బతిమాలుకుంటనే ఉన్న. ఎంతకీ మింగకుంటే, మింగే ధైర్యమన్న ఇయ్యమని తలమీద చెయ్యి పెట్టిన."

"మరి నేను అంత మాట అన్నప్పుడు చెప్పొచ్చు కదా! నేను ఎర్రగా వస్తుందని చెప్పలేదని నీకు తెలుసు కదా!"

"ఎట్ల చెప్తనే? అందరి ముందర నర్సమ్మదే తప్పని నేనంటే, ఇగ ఆ పిల్ల నీ చేతి గోలీ మింగుతదా? ఆ ఊరు మింగుతదా? నా మీద నమ్మకం పోతే పోయిందేముంది, నేను గోలీలిచ్చేదాన్ని గాదు."

ఇంత మంచితనమా? నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు అనుమానమే వచ్చింది. ఎవరైనా ఊరి ముందు అంత మాట పడి ఊరుకుంటారా? ఆ మాటే అడిగేశాను. రాహేలమ్మ పాలిథిన్ కవరు విప్పింది. పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టింది. పుటల మధ్య షీట్లన్నీ ఖాళీవే. మింగిన గోలీల తాలూకు ఖాళీ షీటు తెచ్చి చూపితేనే ఆమె ప్రార్థన చేసేదట. కొత్త షీటు అయితే ఆమె ఎదురుగా మొదటి గోలీ మింగాలట. ముందు గోలీ, తర్వాత ప్రార్థన. ఏ మనిషి కోసం ఏ వాక్యం చదివిందో ఆ పుటలో ఆ మనిషి షీటు. అవీ గుర్తులు. ఒక్క పుట దగ్గర మాత్రం ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడున్న షీటు పాతది, రంగు వెలిసింది. పది గోలీలూ పదిలంగా ఉన్నాయి.

"నా బిడ్డది," అంది. "మలేరియా జరమొస్తే దవాఖానల ఇచ్చిండ్రు. అప్పుడే ఒక బోధకుడు మైకు బండేసుకుని వచ్చిండు. గోలీ మింగితే నమ్మకం లేనట్టే, గట్లనే రాసున్నది అన్నడు. నాకు సదువు రాదు. రాసున్నదంటే రాసే ఉన్నదనుకున్న. నా చేతులతోని గోలీలు గుంజుకున్న. నాలుగో రోజు పోయింది నా బిడ్డ."

ఇరవై ఏళ్ళ కిందటి మాట చెబుతూ ఆమె ఏడవలేదు.

"అటెనుక అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర కూసుని అక్షరాలు నేర్చిన. ఎందుకో తెల్సా? రాసున్నదో లేదో చూద్దామని. మొత్తం చదివిన. ఎక్కడ రాసి లేదే బిడ్డా!" ఆ మాట దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నన్నన్న మాట, అప్పుడు ఎవరన్న అనుండాల్సిన మాట. ఆలస్యంగ వచ్చింది. అందుకే నోరు మూసుకుని తీసుకున్న."

మా అమ్మ సంగతి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా సగమే చెప్పాను. ఆ రాయి పక్కన, సంత జనం చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పేశాను. మా నాయిన చేసిన పనే చేసిన మనిషి చెయ్యి పట్టుకుని మా నాయిన మీద ఫిర్యాదు చేశాను. ఆమె ఒక్కటే అడిగింది. "మీ నాయిన ఎవరితోనన్న చెప్పుకున్నడా?" నాకు తెలియదన్నాను. అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

మర్నాడే ఇద్దరం జోగమ్మ ఇంటికి వెళ్ళాం. ఈసారి నేను తెలుగులో చెప్పాను, రాహేలమ్మ కోయలో చెప్పింది. "ఎర్రగా వచ్చేది మందు రంగు. ఆ సంగతి నీకు చెప్పాల్సింది నేను, మరిచిపోయాను. తప్పు నాది, రాహేలమ్మది కాదు. కోడిని కోసినందుకు ఎవరూ తిట్టరు, మందులు ఆపరు." ఊరంతా వింటుండగా చెప్పాను. ఆమె ఎంతసేపు చెప్పిందో! నేను చెప్పింది నాలుగు ముక్కలైతే ఆమె చెప్పింది నలభై. ఏం కలిపిందో, ఏం తీసేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా మాటను నాకు రాని భాషలో, నా చేతిలో లేని నోటికి అప్పగించి కూర్చోవడం నాకు జీవితంలో అదే మొదటిసారి. సమర్పణ, సమర్పణ అని మందిరంలో చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ మట్టి అరుగు మీద మొదటిసారి దాన్ని చేశాను. జోగమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మాత్రలు అరచేతిలో పోసుకుని మింగింది. నేను నోరు తెరవమన్నాను. తెరిచి, నాలుక కూడా ఎత్తి చూపించి, నవ్వింది. అప్పుడు రాహేలమ్మ ఆమె తలమీద చెయ్యి పెట్టింది. డాక్టరు గారు మళ్ళీ పరీక్ష చేయించి కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టారు. జోగమ్మ ఒక్కరోజు కూడా మానలేదు. చలికాలం పోయేసరికి తలమీద కట్టెల మోపుతో సంతకు వచ్చింది.

నేను డాక్టరు గారి ముందు నిలబడి నా మాట వెనక్కి తీసుకున్నాను. రాహేలమ్మ మళ్ళీ వరండా ఎక్కింది. సంత రోజుల్లో పేషెంట్లు రాకముందు గంటసేపు ఇద్దరం కలిసి వాక్యం చదువుకునేవాళ్ళం. ఆమె వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేది. అడ్డంగా ఏ ప్రశ్న వేసినా కోప్పడేది కాదు. ఒకరోజు, సమాధి నుంచి లేచి వచ్చిన ప్రభువు గాయాల్లో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనని పంతం పట్టిన ఆ శిష్యుడి కథ వచ్చింది. "ఇతను నా చుట్టమే" అన్నాను. రాహేలమ్మ నవ్వి, చదివినదాన్నే మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది.

"గిది చూసినవా? ఆయన నమ్మనన్నంక ఎనిమిది రోజులకు గాని ప్రభువు మళ్ళా రాలే. ఆ ఎనిమిది రోజులు ఈయన యాడున్నడు? వాళ్ళతోనే ఉన్నడు. నువ్వు నమ్మవు, నీకు మా ఇంట్ల జాగ లేదు పో అని వాళ్ళు అనలే. ఈయన గూడ వీళ్ళు అబద్ధాలోళ్ళని లేచిపోలే. అనుమానం ఉంటే ఉండనీ బిడ్డా, లేచి పోకు. ఎవ్వర్నీ లేపకు."

ఇంకొకరోజు, పట్టుబడే ముందు ప్రభువు తోటలో మోకాళ్ళూని వేడుకున్న పుట చదివాం. కూతురి గోలీల షీటు ఉండేది ఆ పుటలోనే. "ఆయన గూడ ముందు ఈ బాధ నాకొద్దనే అడిగిండు," అంది రాహేలమ్మ. "ఒక్కసారి గాదు, మూడుసార్లు. అటెనుకనే నీ ఇష్టం అన్నడు. నేను ఆ రోజు ఏమీ అడగలే. దేవునికి అప్పజెప్పిన అనుకున్న గాని, అప్పజెప్పింది మైకు పట్టుకున్నోనికి." అలా తన తప్పును తానే ఎత్తి వెలుతురులో పెట్టి చూసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే పక్కవాళ్ళ తప్పును మాత్రమే అంత శ్రద్ధగా చూసేదాన్ని. ఆమె దగ్గర కూర్చున్నాక నా అనుమానం పోలేదు. కానీ అది నన్ను కూడా వదలకుండా చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు కొత్త పేషెంటుకు నాలుగు మాటలు చెప్పాక, ఆ నాలుగూ వాళ్ళ నోటితో చెప్పించుకుంటాను. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటాను.

తర్వాత నేను ఖమ్మం వచ్చేశాను. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మా దవాఖానా గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది, నిండుగా, బొద్దుగా. దగ్గరికి వచ్చి నాలుక ఎత్తి చూపించింది. జోగమ్మ! బస్సులో అంత దూరం ఒక్కతే వచ్చింది. "రాహేలవ్వ పోయింది. గిది నీకియ్యమన్నది" అని పాలిథిన్ కవరు చేతిలో పెట్టింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. షీట్లన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆ నిండు షీటు కూడా.

నాయిన నా దగ్గరికి వచ్చి ఏడాది అయింది. కళ్ళు తిరిగి పడ్డాడని నేనే తీసుకొచ్చాను. మాత్రలిచ్చేదాన్ని, అన్నం పెట్టేదాన్ని, అంతకుమించి మాటలు ఉండేవి కావు. మొన్నామధ్య ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా ఆయన అలమారాలోంచి రాహేలమ్మ పుస్తకం తీశాడు. పాత షీటు జారి ఒళ్ళో పడింది.

"ఇదేందే, ఒక్క గోలీ గూడ మింగలే?"

పొయ్యి ఆపేసి వచ్చి కూర్చుని మొత్తం చెప్పాను, మైకు బండి నుంచి మద్దిచెట్టు దాకా. ఆయన షీటును అరచేతిలో పెట్టుకుని వింటూ ఉన్నాడు. అంతా అయ్యాక, "ఆమె నయం. చెప్పుకునేటందుకు ఒక మనిషి దొరికింది" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన్ని అడగాలని నేను మనసులో నూరుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అన్నీ ఒక్కసారి నాలుక మీదికి వచ్చాయి. అవేవీ అనకుండా స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"నాకు చెప్పు నాయినా."

"గోలీలు పారేసిన తెల్లారి..." అని ఆగాడు. "తెల్లారి మీ అమ్మ చెత్తబుట్టల చెయ్యి పెట్టి ఎతుక్కుంటున్నది బిడ్డా. నేనే చెయ్యి పట్టి గుంజిన. నీకు నమ్మకం లేదానే అని కసిరిన. ఒక్క మాట అనలే మీ అమ్మ. చేతులు కడుక్కుని పొయి వంట చేసింది."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. గోడకు తల కొట్టుకోవాలనిపించింది. లేచి బయటికి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. లేచి పోకు అన్న ముసలి గొంతు చెవిలో వినిపించింది. వెళ్ళలేదు. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆ చెయ్యే, అమ్మ చెయ్యి పట్టి లాగిన చెయ్యి. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో తెలియదు, పాలు మాత్రం విరిగిపోయాయి.

మాత్ర వేళ దాటిపోయింది. షీటు నొక్కి, టప్‌మన్నాక, మాత్ర ఆయన అరచేతిలో పెట్టాను. మింగి నీళ్ళు తాగాడు. రోజూ మాత్ర అయ్యాక నేనే ప్రార్థన చేస్తాను, ఆయన ఆమెన్ అంటాడు. ఆ రోజు నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన గొంతెత్తి ప్రార్థన చేయడం నేను వినలేదు. అమ్మ పేరు ఎత్తాడు, రాహేలమ్మ పేరు ఎత్తాడు, ఆ పిల్ల పేరు తెలియదు కనక "గోలీలు మింగని బిడ్డ" అన్నాడు. నేను రెండు కళ్ళూ మూసుకునే విన్నాను. ఆమెన్ అన్నాక కళ్ళు తుడుచుకుని, నోరు తెరవమన్నాను.

"ఇయ్యాల గూడనా?" అన్నాడు.

"అవ్, ఇయ్యాల గూడ," అన్నాను. నాలుక ఎత్తాడు. చూశాను. మింగాడు.